యాంటీ డంపింగ్ ఫైలు మీద పోటీ కమిషన్ అభిప్రాయం కూడా ఉండాలి: తిరుపతి నుంచి బహిరంగ లేఖ

కేంద్ర వాణిజ్య శాఖ కార్యదర్శి గారికి, డంపింగ్ ఫిర్యాదులను దర్యాప్తు చేసే డీజీటీఆర్ (వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్) అధిపతి గారికి, భారత పోటీ కమిషన్ అధ్యక్షుల వారికి నమస్కారాలు.

రేణిగుంట, శ్రీకాళహస్తి, చిత్తూరు, పలమనేరు చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలకు కాస్ట్ లెక్కలు రాసేవాళ్లం, దిగుమతుల కాగితాలు చూసేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉన్న దేశం సరుకు మీద యాంటీ డంపింగ్ సుంకం (తన దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు మనకు పంపే సరుకు మీద వేసే అదనపు సుంకం) సిఫార్సు చేసే ముందు, ఆ సుంకం పడితే మన దేశంలో ఆ సరుకుకు పోటీ ఎంత మిగులుతుందో పోటీ కమిషన్‌ను అడిగి తెలుసుకోండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. పోటీ చట్టం, 2002లో కమిషన్ అభిప్రాయం అడగడానికి 21వ సెక్షన్ (చట్టబద్ధ సంస్థలకు), 49వ సెక్షన్ (ప్రభుత్వానికి) ఇప్పటికే ఉన్నాయి. వాటిని ఈ పనికి వాడాలి, అంతే.

ఒకే ధరను రెండు చట్టాలు ఎలా చూస్తాయో ముందు లెక్క వేసి చూపిస్తాం. అంకెలు లెక్క కోసం మేం పెట్టుకున్నవి, ఏ కంపెనీవీ కావు. పైపులకు ముడిసరుకైన పీవీసీ రెజిన్ తయారుచేసే ఒక విదేశీ ఫ్యాక్టరీ తన దేశంలో గేటు దగ్గర కిలో 90 రూపాయలకు అమ్ముతోంది. మనకు పంపే సరుకుకు అదే గేటు దగ్గర 80 తీసుకుంటోంది. తేడా 10 రూపాయలు, ఎగుమతి ధరలో 12.5 శాతం. తేడా 2 శాతం లోపు ఉంటే వదిలేస్తారు, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లుంది కాబట్టి యాంటీ డంపింగ్ నిబంధనల ప్రకారం ఇది డంపింగే. ఆ ఫ్యాక్టరీకి కిలోకు మొత్తం ఖర్చు 78. అందులో ముడిసరుకు, కరెంటు లాంటి మారే ఖర్చులు 62. అంటే 80కి అమ్మినా దానికి రెండు రూపాయలు మిగులుతోంది.

ఇదే 80 రూపాయల ధరను పోటీ కమిషన్ ముందు పెట్టండి. 4వ సెక్షన్ కింద దాన్ని పోటీదారును చంపే ధర అనాలంటే ఆ అమ్మకందారుకు మన మార్కెట్లో ఆధిపత్యం ఉండాలి. ధర ఖర్చు కంటే తక్కువ ఉండాలి, ఖర్చంటే ఇక్కడ మామూలుగా చూసేది సగటు మారే ఖర్చు. పోటీని తగ్గించాలనో, పోటీదారును వెళ్లగొట్టాలనో చేసిన పని అయి ఉండాలి. మన ఉదాహరణలో ధర 80, మారే ఖర్చు 62, కాబట్టి రెండో మెట్టు దగ్గరే కేసు ఆగిపోతుంది. 62కీ 90కీ మధ్య 28 రూపాయల జాగా ఉంది. ఆ జాగాలో దాదాపు ఏ ధర పెట్టినా ఒక చట్టం దాన్ని డంపింగ్ అంటుంది, రెండో చట్టం దాన్ని మామూలు పోటీ అంటుంది. మన దేశంలోని కంపెనీయే హైదరాబాద్‌లో 90కి, తిరుపతిలో 80కి అమ్మితే ఎవరూ కేసు పెట్టరు. కొనేవాడు సంతోషిస్తాడు.

ఈ తేడా మామూలు దిగుమతుల్లోనూ ఉంది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం వచ్చేసరికి అది ఇంకో మెలిక తిరుగుతుంది. ఈ మెలిక చాలామంది దృష్టికి రాదు కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాం.

మన దేశం తక్కువ సుంకం సూత్రం పాటిస్తుంది. డంపింగ్ తేడా, నష్టపు తేడా అని రెండు లెక్కలు కట్టి, రెండింటిలో ఏది తక్కువైతే అంతే సుంకం వేస్తారు. నష్టపు తేడా కట్టడానికి మన పరిశ్రమకు నష్టం రాని ధర ఒకటి లెక్కిస్తారు. అందులో పెట్టుబడి మీద 22 శాతం రాబడి కలుపుతారు. దాన్ని దిగుమతి సరుకు మన రేవులో దిగిన విలువతో పోలుస్తారు. దిగిన విలువలో ప్రాథమిక కస్టమ్స్ సుంకం కూడా కలిసి ఉంటుంది. కీలకం ఇక్కడే ఉంది.

పై ఉదాహరణలో 80కి ఓడ కిరాయి, బీమా 4 రూపాయలు కలిపితే 84. ఒప్పందం లేని దేశం నుంచి వస్తే 7.5 శాతం కస్టమ్స్ సుంకం అనుకుందాం, 6 రూపాయల 30 పైసలు. సర్‌చార్జీ పక్కన పెడదాం. దిగిన విలువ 90.30. మన పరిశ్రమకు నష్టం రాని ధర 89 అయితే నష్టపు తేడా లేదు, సుంకమూ లేదు. ఇప్పుడు అదే సరుకు, అదే ఫ్యాక్టరీ, అదే గేటు ధర, కాకపోతే ఒప్పందం వల్ల కస్టమ్స్ సుంకం సున్నా. దిగిన విలువ 84. నష్టపు తేడా 5 రూపాయలు. డంపింగ్ తేడా 10 కాబట్టి తక్కువైన 5 రూపాయలు సుంకంగా పడుతుంది. అమ్మేవాడు తన ధర పైసా తగ్గించలేదు. మనం సంతకం చేసి వదులుకున్న 6.30లో 5 రూపాయలు ఐదేళ్లపాటు వేరే పేరుతో వెనక్కి వచ్చాయి.

సుంకం తగ్గినందువల్ల వచ్చిన నష్టానికి మందు వేరే ఉంది. మన ఒప్పందాల్లో ద్వైపాక్షిక సేఫ్‌గార్డ్ (దిగుమతులు పెరిగి నష్టం వస్తే తగ్గించిన సుంకాన్ని కొంతకాలం తిరిగి పెంచే వీలు) అనే అధ్యాయం అందుకే రాసుకున్నారు. డంపింగ్ కాని ఇతర కారణాల వల్ల కలిగిన నష్టాన్ని డంపింగ్ ఖాతాలో వేయకూడదని డబ్ల్యూటీవో యాంటీ డంపింగ్ ఒప్పందం 3.5 అధికరణం చెబుతోంది. మన 1995 నిబంధనల రెండో అనుబంధంలోనూ ఆ మాటే ఉంది. ఒప్పంద దేశాల కేసుల్లో సుంకం తగ్గింపును అలాంటి ఇతర కారణంగా విడదీసి చూపాలన్నది మా వాదన. దిగిన విలువను రెండు రకాలుగా, రాయితీ సుంకంతో ఒకటి, మామూలు సుంకంతో ఒకటి కట్టి రెండూ తుది నివేదికలో పక్కపక్కన అచ్చు వేస్తే చాలు. చదివేవాళ్లకు ఏది డంపింగ్ వల్ల, ఏది ఒప్పందం వల్ల అన్నది తెలిసిపోతుంది.

పీవీసీని ఊరికే ఎంచుకోలేదు. మా జిల్లాల్లో బోరు వేస్తే మట్టిపొర దాటేదాకా దించే నీలం కేసింగ్ పైపు, మామిడి తోటల్లో నీళ్లు పారే లైన్లు, అన్నిటికీ ఇదే రెజిన్. పైపు ఖర్చులో పెద్ద వాటా దీనిదే. మన దేశపు వాడకంలో సగానికి పైగా దిగుమతే. ఇక్కడ రెజిన్ తయారుచేసే కంపెనీలను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, కొనే పైపు ఫ్యాక్టరీలు మాత్రం దేశమంతా పరుచుకుని ఉన్నాయి. 2024లో సస్పెన్షన్ పీవీసీ రెజిన్ మీద డీజీటీఆర్ దర్యాప్తు మొదలైనప్పుడు దేశాల జాబితాలో చైనా, అమెరికా, తైవాన్‌తోపాటు జపాన్, కొరియా, ఇండోనేషియా, థాయ్‌లాండ్ ఉన్నాయి. ఈ చివరి నాలుగూ మనకు ఒప్పంద దేశాలే. ఆసియాన్ (ఇండోనేషియా, థాయ్‌లాండ్ ఉన్న కూటమి), కొరియా ఒప్పందాలు 2010 నుంచి, జపాన్‌ది 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉన్నాయి. అన్ని వైపుల నుంచీ ఒకేసారి తలుపు వేస్తే లోపల మిగిలే అమ్మకందారులు ఎందరు, వాళ్లు ధర ఎలా పెడతారు అనే ప్రశ్నకు జవాబు చెప్పే సంస్థ దేశంలో పోటీ కమిషన్ ఒక్కటే. ఆ ప్రశ్న వాళ్లను అడగాలని ప్రస్తుత విధానంలో ఎక్కడా లేదు.

అడగకపోతే ఏం జరుగుతుందో చరిత్రలో ఉంది. ఐరోపాలో 1980లలో రసాయనాల కంపెనీలు బయటి పీవీసీ మీద యాంటీ డంపింగ్ చర్యలు తెచ్చుకున్నాయి. 1988 డిసెంబరులో ఐరోపా కమిషన్ పీవీసీ తయారీదారులకు కార్టెల్ (ధరల కూటమి) నడిపినందుకు జరిమానా వేసింది. బయటివాడి మీద ఫిర్యాదు చేసిన పరిశ్రమే లోపల కూడబలుక్కుని ధర పెట్టింది. అమెరికాలో ఫెర్రోసిలికాన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. దేశీయ తయారీదారులు తమలో తాము ధరలు కుదుర్చుకున్నట్టు క్రిమినల్ కేసుల్లో తేలాక, అక్కడి అంతర్జాతీయ వాణిజ్య కమిషన్ 1999లో తన పాత నష్టపు నిర్ణయాలను తిరగదోడి రద్దు చేసింది. కార్టెల్ నడిచిన కాలంలోని ధరల పట్టికను నమ్మి నష్టాన్ని కొలిచామని అప్పుడు అర్థమైంది. కూడబలుక్కుని పెంచిన ధర పక్కన పెడితే ఏ దిగుమతైనా చవగ్గానే కనిపిస్తుంది.

మన దగ్గర ఈ రెండు చట్టాలు ఎదురుపడిన పెద్ద సందర్భం సోడా యాష్, ఫ్లోట్ గ్లాసు కేసు. అమెరికా సోడా యాష్ ఉత్పత్తిదారులు అన్సాక్ అనే ఉమ్మడి ఎగుమతి సంస్థ ద్వారా అమ్మేవాళ్లు. ఎగుమతి కోసం అలా కలవడానికి 1918 నాటి వెబ్-పొమరీన్ చట్టం వాళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ సోడా యాష్ మీదా, ఇండోనేషియా ఫ్లోట్ గ్లాసు మీదా పోటీ కమిషన్ రాకముందు ఆ పని చూసిన మన ఎంఆర్‌టీపీ కమిషన్ నిషేధపుటుత్తర్వులు ఇచ్చింది. 2002లో హరిదాస్ ఎక్స్‌పోర్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టేసింది. దేశం బయట కుదిరిన ఏర్పాటు మీద ఎంఆర్‌టీపీ కమిషన్‌కు అధికారం లేదని, యాంటీ డంపింగ్ చట్టం ఉద్దేశం వేరు, ఎంఆర్‌టీపీ చట్టం ఉద్దేశం వేరు అని చెప్పింది. అదే ఏడాది చివర పార్లమెంటు ఆమోదించిన పోటీ చట్టం 32వ సెక్షన్‌లో ఆ లోటు పూడ్చింది. ఒప్పందం బయట కుదిరినా దాని దెబ్బ ఇక్కడ పడితే కమిషన్ విచారించవచ్చు.

కాగితం మీద అధికారం వచ్చింది, సాక్ష్యం మాత్రం సముద్రం అవతలే ఉండిపోయింది. టోక్యోలోనో సియోల్‌లోనో కూర్చుని కుదుర్చుకున్న ధర తాలూకు ఈమెయిళ్లు ఢిల్లీ నుంచి సోదా చేసి తేలేం. 18వ సెక్షన్ కింద విదేశీ పోటీ సంస్థలతో అవగాహన కుదుర్చుకోవచ్చు, జపాన్, కొరియా ఒప్పందాల్లో పోటీ అధ్యాయాలూ ఉన్నాయి. కానీ మన ఒప్పందాల్లోని ఈ అధ్యాయాలు సాధారణంగా సహకారం, సమాచార మార్పిడి అనే మాటల దగ్గర ఆగుతాయి. సమాచారం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో, ఇవ్వకపోతే ఏమిటో వాటితో తేలదు. ఇంకో సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. మన పోటీ చట్టం 3(5) సెక్షన్ కేవలం ఎగుమతుల కోసం కుదుర్చుకునే ఒప్పందాలను వదిలేస్తుంది. అమెరికా వెబ్-పొమరీన్‌ను తప్పుపట్టే మనం మన ఎగుమతి కార్టెల్‌కు అదే గొడుగు పడుతున్నాం. ఒప్పంద దేశంతో చర్చల్లో ఈ మినహాయింపును ఇరువైపులా ఎత్తేద్దామని అడగడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

యాంటీ డంపింగ్‌ను పూర్తిగా తీసేసిన దేశాలున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ 1983లో ఒప్పందం చేసుకుని, 1990 జులై 1 నుంచి ఒకరి సరుకు మీద ఒకరు ఈ సుంకం వేయడం మానేశాయి. ఊరికే మానలేదు. ముందే రెండు దేశాలూ తమ పోటీ చట్టాలు సవరించుకుని, రెండు దేశాల ఉమ్మడి మార్కెట్లో బలాన్ని దుర్వినియోగం చేస్తే అవతలి దేశపు కంపెనీని కూడా విచారించేలా సెక్షన్లు పెట్టుకున్నాయి: ఆస్ట్రేలియా చట్టంలో 46ఏ, న్యూజీలాండ్ చట్టంలో 36ఏ. ఐరోపా ఆర్థిక ప్రాంత ఒప్పందం 26వ అధికరణం సభ్యుల మధ్య ఈ సుంకాన్ని తీసేసింది, అక్కడ పోటీ నియమాలు అందరికీ ఒకటే. దీనికి భిన్నంగా పోలండ్ లాంటి దేశాలు 1990లలోనే ఐరోపాతో ఒప్పందం చేసుకుని పోటీ నియమాలు సరిచేసుకున్నా, 2004 మే 1న సభ్యులయ్యేదాకా వాటి మీద యాంటీ డంపింగ్ బెదిరింపు పోలేదు. చట్టం మాటలు ఒకేలా ఉంటే సరిపోదు, అమలు చేసే చేయి కూడా అవతలి వైపు దాకా చాచగలగాలి.

ఇంకో షరతు సరుకు తిరిగి వెళ్లగలగడం. తిరుపతికి చెన్నై ఒక పక్క, బెంగళూరు ఇంకో పక్క. చెన్నై డీలరు ఇక్కడివాళ్లకు మరీ చవగ్గా అమ్మితే, సాయంత్రానికి అదే లారీ తిరిగి చెన్నైలోనే దిగుతుంది. 2017లో జీఎస్టీ వచ్చి పన్ను చెక్‌పోస్టులు పోయాక ఇది మరీ తేలిక. అందుకే దేశం లోపల రెండు ధరలు ఎక్కువ రోజులు నిలవవు. దేశాల మధ్య అలా జరగాలంటే రెండు వైపులా సుంకం సున్నా కావాలి, సరుకు ఎక్కడ పుట్టిందన్న రుజువు, నాణ్యత గుర్తు లాంటివి అడ్డం రాకూడదు. మనకు 2020 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న కారోటార్ నిబంధనల కింద రాయితీ సుంకం కోరే దిగుమతిదారే మూలం వివరాలు దగ్గర పెట్టుకోవాలి. అవసరమైన నియమమే, కానీ అలాంటివి ఉన్నంతకాలం మార్కెట్లు పూర్తిగా కలిసినట్టు కాదు. కాబట్టి యాంటీ డంపింగ్‌ను రేపే ఎత్తేయమని మేం అడగడం లేదు. పోటీ కేసు కమిషన్ దాటి, అప్పిలేట్ ట్రిబ్యునల్ దాటి, సుప్రీంకోర్టుకు చేరేసరికి ఏళ్లు గడుస్తాయి. నిజంగా దెబ్బతిన్న చిన్న ఉత్పత్తిదారు అన్నాళ్లు బతకడు.

ఈ సుంకం మన మీద పడ్డప్పుడు ఎలా ఉంటుందో కూడా మా జిల్లాకు తెలుసు. శ్రీకాళహస్తి దగ్గర డక్టైల్ ఐరన్ పైపులు పోస్తారు. 2016లో ఐరోపా సమాఖ్య భారత డక్టైల్ పైపుల మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. మనం రాసుకునే నియమం రేపు మన పైపు మీదా పనిచేస్తుందని గుర్తుంచుకుని రాయాలి.

పక్కవాడి సరుకు ఆపితే చాలనే ఆలోచన ఎంత సహజమో 2025 జూన్‌లో చిత్తూరులో చూశాం. తోతాపురి ధర కూలినప్పుడు, పక్క రాష్ట్రాల కాయ జిల్లాలోకి రాకూడదని అధికారులు ఆదేశం ఇచ్చారు. కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం చెబుతూ లేఖ రాశారు. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు 12 అన్నారు. రైతు బాధ నిజం, సాయం చేయడం న్యాయం. కానీ పక్క రాష్ట్రం కాయ ఆపితే కొనేవాళ్ల సంఖ్య పెరగదు. రైతు ఫ్యాక్టరీ గేటు దగ్గర రెండు రోజులు ట్రాక్టరుతో నిలబడాల్సి వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న కొనేవాళ్లెందరు, ధర ఎలా తేలుతోంది అన్నది. పోటీ చట్టం 3వ సెక్షన్ అమ్మకపు ధరతోపాటు కొనుగోలు ధర కూడబలుక్కోవడాన్ని కూడా నిషేధిస్తుంది. ఇక్కడ ఎవరో కూడబలుక్కున్నారని మేం అనడం లేదు. ఆ కోణం కూడా చూడాల్సిన సంస్థ ఒకటి ఉందని గుర్తు చేస్తున్నాం.

ఇక పని ఎలా జరగాలో చెబుతాం. దర్యాప్తు మొదలైందని గెజిట్‌లో ప్రకటన వచ్చిన రోజు నుంచి డీజీటీఆర్‌కు మామూలుగా 12 నెలల గడువు, ఎక్కువలో ఎక్కువ 18. 21వ సెక్షన్ కిందైనా 49వ సెక్షన్ కిందైనా పోటీ కమిషన్ అభిప్రాయం చెప్పడానికి 60 రోజులు. ప్రకటన వచ్చిన నెలలోపే ప్రశ్న పంపితే మౌఖిక విచారణకు ముందే జవాబు చేతికి వస్తుంది, గడువు ఒక్క రోజు పెరగదు. డీజీటీఆర్ 21వ సెక్షన్‌లోని చట్టబద్ధ అధికార సంస్థ నిర్వచనంలోకి వస్తుందా రాదా అనే వాదన ఉంటే, కేంద్ర ప్రభుత్వమే 49వ సెక్షన్ కింద అడగవచ్చు. ఆ అభిప్రాయానికి ప్రభుత్వం కట్టుబడాల్సిన పని కూడా లేదు. మేం కోరేది అది డీజీటీఆర్ తుది నివేదికకు ముందు ఇచ్చే వెల్లడి ప్రకటనలో అచ్చు కావడం, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో రాయడం. తుది నివేదిక తర్వాత సుంకం వేయాలా వద్దా అని ఆర్థిక శాఖ తేల్చుకునే మూడు నెలల్లోనూ ఆ కాగితం వాళ్ల ముందు ఉండాలి.

కమిషన్‌కు పంపే ప్రశ్నలో ఇవి ఉండాలి: గత మూడేళ్లలో దేశీయ ఉత్పత్తిలో ఎవరి వాటా ఎంత, సుంకం పడితే ఏ దేశాల సరుకు నిజంగా మిగులుతుంది, దరఖాస్తు చేసిన కంపెనీల మీద 3, 4 సెక్షన్ల కింద విచారణ ఏదైనా నడుస్తోందా, ఎగుమతి చేసే దేశంలో ఆ సరుకు మీద కార్టెల్ తీర్పులు ఉన్నాయా. చివరి ప్రశ్న ముఖ్యం. అక్కడ ఇంటి ధర 90 ఎందుకుందో దానివల్లే తెలుస్తుంది. ఎగుమతిదారులు ధర పెంచుతామని మాట ఇస్తే దర్యాప్తు ఆపే పద్ధతి 15వ నిబంధనలో ఉంది. పోటీదారులంతా ఒకే కనీస ధరకు ఒప్పుకుని, ప్రభుత్వం దానికి ముద్ర వేసినట్టవుతుంది కాబట్టి అలాంటి మాట తీసుకునే ముందు కమిషన్‌ను అడగడం తప్పనిసరి చేయాలి.

చిన్న వాడకందారు ఎక్కడ జారిపోతున్నాడో కూడా చూడండి. దరఖాస్తుకు మద్దతిచ్చే ఉత్పత్తిదారుల వాటా మొత్తం దేశీయ ఉత్పత్తిలో 25 శాతం ఉండాలన్న నియమాన్ని నాలుగైదు కంపెనీలున్న పరిశ్రమ తేలిగ్గా అందుకుంటుంది. కొనేవాళ్లు వందల్లో ఉంటారు, గెజిట్ చదివేవాళ్లు ఉండరు. ప్రకటన వచ్చాక సుమారు నెల రోజుల్లో ప్రశ్నావళి నింపాలి. రహస్య ప్రతి ఒకటి, అందరికీ చూపే ప్రతి ఒకటి విడివిడిగా ఇవ్వాలి. రెండోది లేకపోతే మొదటిదాన్ని పక్కన పెట్టేస్తారు. కిలో పైపులో రెజిన్ ఎంత, కాల్షియం కార్బొనేట్ ఎంత, స్టెబిలైజర్ ఎంత అని విడగొట్టి, రెజిన్ కిలోకు 5 రూపాయలు పెరిగితే పైపు మీద ఎంత పడుతుందో చూపితేనే ఆ వాదనకు బలం. ఆ లెక్క మా దగ్గరి ప్రతి ఫ్యాక్టరీలో ఉంది, ఇంగ్లిషులో కట్టి పంపే మనిషే లేడు. ఆర్థిక ప్రయోజనాల ప్రశ్నావళిని తెలుగులో, రెండు పేజీల్లో ఇచ్చి, జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా తీసుకోండి. ఎక్కడికక్కడ నింపించి, సంతకం పెట్టించి, గడువులోపు పంపే పనికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల చిన్న పరిశ్రమల కాస్ట్, కస్టమ్స్ లెక్కలు చూసేవాళ్లం